కథ కట్టే విధం

ఉద్దేశం: కథలు చదివి ఆనందించే విద్యార్థి తానే కథ రాయబూనినప్పుడు ఎదురయ్యే చిక్కులను గుర్తించడం, వాటిని దాటే మార్గాలను మన కథకుల రచనల నుంచీ, ఒక విద్యార్థిని రాసిన కథ నుంచీ గ్రహించడం ఈ పాఠం ఉద్దేశం.

విద్యార్థులారా! మీలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు కథ రాయాలని అనుకొనే ఉంటారు. కొందరు నోటుపుస్తకం చివరి పుటల్లో రాసి, ఎవరికీ చూపకుండా దాచుకొనీ ఉంటారు. కళాశాల వార్షిక సంచికకు వచ్చే కథలను చదివి ఎంపిక చేయడం పాతికేళ్ళుగా నా పనుల్లో ఒకటి. ఆ కథల్లో సగానికి పైగా నాయకుడు చివరి పుటలో మరణిస్తాడు. మిగిలిన వాటిలో చాలామేరకు నిద్ర నుంచి మేల్కొని, జరిగినదంతా కల అని తెలుసుకొంటాడు. నవ్వకండి. మీ వయసులో నేను రాసిన మొదటి కథలో ఈ రెండూ జరిగాయి.

అవి నేను ప్రబంధాలు చదువుకొంటున్న రోజులు. కథానాయిక బిందె తీసుకొని బావికి బయలుదేరడానికి ముందు రెండు పుటల సూర్యోదయ వర్ణన చేశాను. ఉపమలు, ఉత్ప్రేక్షలు వరుస కట్టాయి. ఎంతో గర్వంగా ఒక వారపత్రికకు పంపాను. కొన్నాళ్ళకు తిరిగి వచ్చింది. సంపాదకులెవరో రెండవ పుట అంచున పెన్సిలుతో 'ఇంతకూ ఎప్పుడు తెల్లవారుతుంది?' అని రాశారు. ఆ రోజు చాలా కోపం వచ్చింది. కథారచనను గురించి నాకు అందిన మొదటి పాఠం అదేనని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆధునిక తెలుగు కథకు నూరేళ్ళు దాటాయి. భండారు అచ్చమాంబ 1902 నాటికే కథలు రాశారు. గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వెలువడింది. తొలి కథ ఏది అన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. మనం చూడవలసింది 'దిద్దుబాటు' ఎత్తుగడ. అర్ధరాత్రి దాటి ఇల్లు చేరిన గోపాలరావు తలుపు తీయమని పిలవడంతో ఆ కథ మొదలవుతుంది. అతడు ఎవరు, ఏమి చదివాడు, పెళ్ళి ఎప్పుడయింది అన్న వివరాలేవీ ముందు ఉండవు. ఇంట్లో భార్య కనిపించదు. నౌకరు రాముడు ఉంటాడు, ఒక ఉత్తరం దొరుకుతుంది. గోపాలరావు గాభరాపడేకొద్దీ అతని గుణగణాలు, సానుల పాటకచ్చేరీల మీద అతనికున్న మోజు, కమలిని పట్ల అతని ప్రవర్తన మనకు వాటంతట అవే తెలిసిపోతాయి. కథ ఎప్పుడు వేడెక్కుతుందో అప్పుడే మొదలుపెట్టాలనే కిటుకును గురజాడ అంత తొలినాళ్ళలోనే చూపారు.

ఇది పాశ్చాత్యుల నుంచి వచ్చిన నేర్పు మాత్రమే అనుకోనక్కరలేదు. పదహారవ శతాబ్దికి చెందిన పింగళి సూరన 'కళాపూర్ణోదయం' కథను ద్వారకలో ఉయ్యాల ఊగుతున్న కలభాషిణి దగ్గర మొదలుపెట్టాడు. ఆ కథ అంతటికీ మూలమైన బ్రహ్మ సరస్వతుల సల్లాపాన్ని చాలా దూరం నడిచిన తరువాత, పసిపిల్ల మధురలాలస నోట గాని బయటపెట్టలేదు. ముందు జరిగినదాన్ని ముందే చెప్పితీరాలన్న నియమం మన కవులకూ లేదు.

కనుక మొదటి చిత్తుప్రతి పూర్తి అయిన తరువాత ఒక పని చేసి చూడండి. మొదటి పేరాను అరచేత్తో మూసి రెండవ పేరా నుంచి చదవండి. కథకు లోటు రాకపోతే ఆ మొదటి పేరా కథ కోసం రాసినది కాదు, కలం కదలడం కోసం రాసుకొన్నది. నిస్సంకోచంగా తీసివేయవచ్చు.

ఇక అసలు విషయం. దీనిని మీవంటి ఒక విద్యార్థిని రాసిన కథతోనే వివరిస్తాను. కొన్నేళ్ళ క్రిందట అనంతపురం జిల్లాలోని ఒక మెట్ట గ్రామం నుంచి వచ్చి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న అమ్మాయి వార్షిక సంచికకు 'కన్నీటి బోరు' అనే కథ ఇచ్చింది. ఒక రైతు అప్పు చేసి బోరు వేయిస్తాడు, నీరు పడదు. ఇదీ ఇతివృత్తం. అందులోని ముఖ్య సన్నివేశం ఇలా ఉండేది:

'నిర్దయమైన విధి ఆ అన్నదాత జీవితంతో ఆడుకొన్నది. అతని హృదయం వేయి వ్రక్కలైంది. దుఃఖసాగరంలో మునిగిపోయాడు. ఓ దైవమా! నాకేల ఈ శిక్ష అని ఆక్రోశించాడు. బోరులో నీరు పడలేదు కాని, అతని కంట నీరు ఆగలేదు.'

వాక్యాల్లో తప్పులు లేవు. చివరి వాక్యం మీద ఆ అమ్మాయికి చాలా మమకారం ఉండేది. అయినా ఈ అయిదు వాక్యాలు చదివినప్పుడు మనకు దుఃఖం కలుగుతుందా? దుఃఖం అనే మాట ఉంది, దుఃఖం లేదు. మన ఆలంకారికులు ఈ లోపాన్ని ఏనాడో గుర్తించి, దీనికి ఒక పేరు కూడా పెట్టారు. పదకొండవ శతాబ్దికి చెందిన మమ్మటుడు కావ్యప్రకాశంలో రసదోషాలను చెబుతూ 'స్వశబ్దవాచ్యత్వం' అనేదాన్ని పేర్కొన్నాడు. ఏ రసాన్ని, ఏ భావాన్ని పాఠకునిలో కలిగించాలో దాని పేరే పెట్టి చెప్పడం దోషం అని దాని తాత్పర్యం. కరుణ అని రాసినంత మాత్రాన కరుణ పుట్టదు. దాన్ని పుట్టించే పరిస్థితిని, చేష్టలను కళ్ళకు కట్టించాలి. అంతకు రెండు శతాబ్దాల ముందే ఆనందవర్ధనుడు కావ్యానికి ధ్వని ప్రాణమన్నాడు. అలంకారశాస్త్రం పాతపుస్తకాల విషయమని మీరు అనుకొంటారు. నా అనుభవంలో నేటి కథకునికి అంతకంటే పనికివచ్చే శాస్త్రం మరొకటి లేదు.

నేను ఆ అమ్మాయిని పిలిచి కూర్చోబెట్టి అడిగాను.

"ఏమ్మా, బోరు వేసిన రోజు నువ్వు చేను దగ్గర ఉన్నావా?"

"ఉన్నాను సార్. బోరు బండోళ్ళకు నీళ్ళు మోసింది నేనే."

"మీ నాయన ఏడ్చినాడా?"

ఆ అమ్మాయి కొంతసేపు ఆలోచించింది. "లేదు సార్. బీడీ ముట్టించినాడు. అది ఆరిపోయినా మళ్ళా ముట్టించలేదు. అట్లనే పట్టుకొని నిలబడినాడు."

ఈ బీడీ కథలో ఎక్కడా లేదు. ఎందుకు రాయలేదని అడిగితే, ఇది కథలో రాయదగిన విషయమని తనకు తోచలేదన్నది. చాలామంది కొత్త రచయితల చిక్కు ఇదే. తాము చూసినది సామాన్యమని, చదివినది మాత్రమే సాహిత్యమని వారు భ్రమపడతారు. విధి, వేయి వ్రక్కలైన హృదయం, దుఃఖసాగరం ఆ అమ్మాయి చూసినవి కావు, ఎక్కడో చదివినవి. ఆరిపోయిన బీడీ ఆమె ఒక్కతే చూసినది.

ఆ తరువాత ఆమె చూసినవన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసుకొని రమ్మన్నాను. కథగా కాదు, ఊరికే జాబితాగా. అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరిగి నీటి జాడ చూపించిన మనిషి, ఆ టెంకాయ నిలువుగా లేచినప్పుడు అమ్మ మొక్కడం, అడుగుల లెక్కన పెరిగే ఖర్చు, నీళ్ళు పడినా పడకపోయినా బండివాళ్ళకు వండిపెట్టవలసిన అన్నం, రాయి పిండి అయి లేచే తెల్లని దుమ్ము, తాకట్టుకు వెళ్ళిన కమ్మలు. రెండు పుటల నిండా ఉన్నాయి. అందులో నుంచి ఆమె తిరగరాసిన సన్నివేశం ఇది:

'ఐదువందల అడుగులు దాటినాక కూడా తెల్లటి పొడే లేస్తావుంది. అది నాయన నెత్తి మీద, మీసాల మీద పడి ఆయన్ను తాత మాదిరి చేసింది. బండి ఆయన మిషను నిలిపి, ఇంకో రెండు రాడ్లు దింపమంటావా అన్నా అని అడిగినాడు. నాయన గుంత దిక్కు చూడలేదు. అన్నం గిన్నె మీద మూత సరిచేస్తున్న అమ్మ దిక్కు చూసినాడు. అమ్మ చెవులకు వేపపుల్లలు ఉండినాయి.'

కమ్మలు తాకట్టు పెట్టారని ఎవరూ చెప్పలేదు. ఇక తాకట్టు పెట్టడానికి ఏమీ మిగలలేదనీ చెప్పలేదు. చెవి రంధ్రాలు పూడిపోకుండా పుల్లలు పెట్టుకొన్న స్త్రీని చూసిన పాఠకుడు ఆ లెక్క తానే వేసుకొంటాడు. అలా వేసుకొన్న లెక్కను అతడు మరచిపోడు.

ఈ రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మరి రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది దృష్టికోణం. తొలి ప్రతిలో రచయిత్రి రైతు మనసులోకి, మరుక్షణం భార్య మనసులోకి, కొంతసేపు బండి డ్రైవరు మనసులోకి కూడా వెళ్ళి వచ్చింది. రెండవ ప్రతిలో నీళ్ళు మోస్తున్న కూతురు ఎక్కడ నిలబడి ఉందో అక్కడి నుంచి కనిపించినదే కథ. చిన్నకథలో సాధారణంగా ఒకరి కళ్ళు చాలు. ఎవరి కళ్ళు అన్నదాన్ని నిర్ణయించుకోవడంలోనే సగం కథ ఉంది.

రెండవది భాష. తొలి ప్రతిలోని రైతు పౌరాణిక నాటకంలో రాజు వలె ఆక్రోశించాడు. ఔచిత్యమే కావ్యానికి జీవం అని క్షేమేంద్రుడు ఒక గ్రంథమే రాశాడు. మెట్ట చేలో నిలబడిన రైతు నోట 'నాకేల' అన్న మాట పలికించడం ఔచిత్యభంగం. రావిశాస్త్రి కథల్లోని మనుషులు విశాఖపట్నం వీధుల్లో, కోర్టు ఆవరణల్లో మాట్లాడినట్లే మాట్లాడతారు. ఆయన వృత్తిరీత్యా న్యాయవాది. ఆ మాటలను చెవులారా విన్నవాడు. అయితే ఆయన భాష బాగుందని కదిరి ప్రాంతపు పాత్ర చేత ఉత్తరాంధ్ర యాస మాట్లాడించకూడదు. మీ ఇంట్లో, మీ వీధిలో వినిపించే మాట ఏదో అది రాయండి. పరీక్షలో మార్కులు తగ్గుతాయన్న భయం కథలో అక్కరలేదు. పరీక్షలో మాత్రం ఉండనివ్వండి.

రచయిత తన వ్యాఖ్యానాన్ని ఎంతవరకు అదుపులో పెట్టుకోవచ్చునో తెలియాలంటే చాసో కథలు చదవాలి. చాగంటి సోమయాజులు (1915–1994) రాసిన 'ఎంపు'లో ఒక బిచ్చగత్తె పిల్ల కుంటివాణ్ణి పెళ్ళాడాలనుకొంటుంది. తండ్రి గుడ్డివాణ్ణి చేసుకొమ్మంటాడు. కారణం, గుడ్డివాడికి ముష్టి ఎక్కువ రాలుతుంది. ఆ తండ్రి ఏ ఇతర తండ్రి అయినా సంబంధం చూసేటప్పుడు వేసే లెక్కే వేస్తున్నాడు. బీదరికం ఎంత ఘోరమైనదో అని చాసో పక్కన నిలబడి నిట్టూర్చడు. అతడు నిట్టూర్చి ఉంటే మనం ఆ పని అతనికి అప్పగించి హాయిగా పుట తిప్పేవాళ్ళం.

పాత్రచిత్రణ గురించి ఎక్కువ చెప్పను. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' చదవండి, చాలు. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన అంతర్జాతీయ పోటీలో 1952లో రెండవ బహుమతి పొందిన కథ అది. నియమాలతో, ఉపన్యాసాలతో జీవితాన్ని పద్ధతిగా అమర్చుకొన్న రావుగారిని రచయిత ఒక తుఫాను రాత్రి, ఒక బిచ్చగత్తె పక్కన నిలబెడతాడు. మనిషి ఎటువంటివాడో చెప్పడానికి విశేషణాలు వెదకనక్కరలేదు, అతణ్ణి కదిలించే సంఘటన వెదకాలి.

ఇప్పుడు ముగింపు సంగతి. ఇక్కడ నా తప్పును కూడా చెప్పాలి.

ఆ అమ్మాయి తొలి ప్రతిలో రైతు పురుగుల మందు తాగి మరణిస్తాడు. మధ్య భాగాన్ని అంత శ్రద్ధగా దిద్దించిన నేను, ముగింపు బలంగా ఉంది, అలాగే ఉంచమని చెప్పాను. నిజానికి ఆ ముగింపును నేను పరీక్షగా చదవనే లేదు. చావు ఉంది గనుక బలం ఉందనుకొన్నాను.

రెండు వారాల తరువాత వాళ్ళ నాయన ఉపకారవేతనం దరఖాస్తు మీద సంతకం కోసం కళాశాలకు వచ్చాడు. పని అయిన తరువాత వెళ్ళబోతూ ఆగి, "మా పాప మా గురించి ఏందో రాస్తావుందంట గదా అయివారూ? అచ్చయితే నాకూ ఒక పుస్తకం ఇప్పీండి. నాకు చదువు రాదు, ఎవురితోనన్నా చదివించుకొని ఇంటాను" అన్నాడు. అతడు మరణించే కథ నా బల్ల మీద ఉంది. నేను దాని మీద హాజరుపట్టీ పెట్టాను.

రైతుల బలవన్మరణాలు మా జిల్లాలో కల్పన కావు. వాటిని రాయకూడదని ఎవరూ అనరు. చావుతో ముగిసే గొప్ప కథలున్నాయి. కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో సీతారాముడు చివర కన్నకొడుకునే చంపుతాడు. కాని అంతకు ముందు పుటల కొద్దీ సాగిన పంచాయతీలో, అప్పు లెక్కల్లో, న్యాయం పేరిట పలికిన ప్రతి మాటలో ఆ క్షణం కొద్దికొద్దిగా సిద్ధమవుతూ వస్తుంది. కొడుకు కూడా బానిస కాకూడదన్న ఆ తండ్రి ఆవేశం మనకు దారుణంగా తోస్తుంది, అకారణంగా మాత్రం తోచదు. మా అమ్మాయి కథలో చావు అలా సిద్ధమైనది కాదు. కథ ఎలా ఆపాలో తెలియక తెచ్చిపెట్టుకొన్నది. ఎందుకు చంపావని అడిగితే, "కథ గదా సార్" అన్నది.

"మరి నిజంగా బండి వెళ్ళిపోయిన తరువాత మీ నాయన ఏం చేసినాడు?"

"ఏం లేదు సార్. గట్టు మీద నుంచి పెద్ద బండ ఒకటి దొర్లించుకొని వచ్చి గుంత మీద మూసినాడు. నేనూ ఒక చెయ్యి వేసినాను. మేకలు కాసే పిల్లోళ్ళు ఆ దావనే తిరుగుతావుంటారు."

పూడ్చని బోరుగుంతల్లో పిల్లలు పడిపోయిన వార్తలు మీరూ పత్రికల్లో చదివే ఉంటారు. ఆమె ఆ రాత్రి ఆ బండను రాసుకొని వచ్చింది. తండ్రీ కూతురూ దాన్ని దొర్లించడం, దాని కింద ఉన్న తేలు ఒకటి పారిపోవడం, గుంత మీద పడినప్పుడు లోపలి నుంచి చాలాసేపటికి ఒక చిన్న రాయి చప్పుడు వినిపించడం. కథ అక్కడ ఆగింది.

నాకు సంతోషమైంది. అయినా ముప్పై పుటల వర్ణన చదివిన ప్రాణం ఊరుకోదు కదా! చివర ఒక్క వాక్యం చేర్చమని సలహా ఇచ్చాను. తన ఆశలు సమాధి అయిన చోట ఇతరుల బిడ్డలు సమాధి కాకూడదనుకొన్న ఆ తండ్రి హృదయం ఎంత విశాలమైనదో అనే అర్థం వచ్చే వాక్యం. నా చేతితోనే అంచున రాసి ఇచ్చాను. మరునాడు శుద్ధప్రతి తెచ్చింది. ఆ వాక్యం లేదు. మరచిపోయావా అని అడిగాను.

"లేదు సార్" అని కొంచెం జంకుతూ, "బండ ఉంది గదా సార్" అన్నది.

స్వశబ్దవాచ్యత్వం గురించి ఆమెకు పాఠం చెప్పినది నేనే. కథ పేరు కూడా ఆమె మార్చింది. 'కన్నీటి బోరు' పోయి 'ఆరువందల అడుగులు' అయింది. అచ్చు వేసేముందు ఆ కథను ఇంట్లో చదివి వినిపించి రమ్మన్నాను. మనకు తెలిసినవారి జీవితాన్ని రాసినప్పుడు పేర్లు, ఊర్లు మార్చడం ఒక మర్యాద. వారు దాచుకొన్నదాన్ని బయటపెట్టకపోవడం అంతకంటే పెద్ద మర్యాద. వేపపుల్లల మాట వచ్చినప్పుడు అమ్మ లేచి లోపలికి వెళ్ళిందట. ఆ వాక్యం తీసేయమంటావా అని అమ్మాయి అడిగితే, కొంతసేపటికి బయటికి వచ్చి, ఉండనీలే అన్నదట. ఆమె వద్దని ఉంటే ఆ వాక్యాన్ని తీసివేయవలసిందే. ఎంత మంచి వాక్యమైనా సరే.

మిగిలినవి చిన్న విషయాలు. కథ పూర్తికాగానే ఎవరికీ పంపవద్దు. రెండు మూడు వారాలు పక్కన పెట్టి, తరువాత గొంతెత్తి చదవండి. నాలుక తట్టుకొన్న చోట వాక్యం బాగాలేదని గుర్తు. సంభాషణలను ఆ పాత్ర వయసువారి చేత చదివించుకోగలిగితే ఇంకా మంచిది. పంపే పత్రికను ముందు కొన్ని నెలలు చదవండి. తిరిగి వస్తే కారణం రాయలేదని సంపాదకులను నిందించకండి. అంచున పెన్సిలుతో నాలుగు మాటలు రాసే తీరిక అందరికీ ఉండదు.

రాయడం కంటె ఎక్కువగా చదవండి. కాళీపట్నం రామారావు ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ కథలు రాశారు. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించి, తెలుగు కథలన్నిటినీ ఒక చోట చేర్చే పనికి పూనుకొన్నారు. 2021లో ఆయన మరణించారు. కథానిలయం సేకరించిన కథలు ఇప్పుడు అంతర్జాలంలోనూ చదువుకోవచ్చు. వాటిలో మీ జిల్లా రచయితల కథలతో మొదలుపెట్టండి. మీకు తెలిసిన చెట్టు, మీకు తెలిసిన మాట ఒక అచ్చు పుటలో కనిపించినప్పుడు కలిగే ధైర్యం వేరు.

అభ్యాసం

1. 'దిద్దుబాటు' చదివి, గోపాలరావును గురించి మనకు తెలిసే విషయాలు ఏ క్రమంలో, ఎవరి మాటల ద్వారా తెలుస్తాయో రాయండి.

2. మీ ఇంట్లో డబ్బుకు ఇబ్బంది కలిగిన ఒక రోజును గుర్తు చేసుకోండి. ఆ రోజు కంటికి కనిపించినవి, చెవికి వినిపించినవి మాత్రమే పది వాక్యాల్లో రాయండి. దుఃఖం, బాధ, కష్టం, పేదరికం అనే మాటలు ఎక్కడా రాకూడదు.

3. పై వాక్యాలను మీ పక్కన కూర్చున్న మిత్రునికి చదవడానికి ఇచ్చి, ఆ రోజు ఇంట్లో ఏమి జరిగిందో చెప్పమనండి. అతడు సరిగా చెప్పలేకపోతే మీరు నోటితో వివరించవద్దు. కాగితం వెనక్కి తీసుకొని తిరగరాయండి.